ఒళ్ళూ ఇల్లూ: హార్మోన్లు మొదలెట్టిన మొదటి ఏడాది ఎలా నెట్టుకురావాలి

ఒళ్ళు మార్చుకోవడానికి ఆడ హార్మోన్లు మొదలెట్టబోయే ట్రాన్స్ అమ్మాయిలు నన్నడిగేది ఎప్పుడూ ఒకటే. "అప్పా (మా వేపు అక్కని అలాగే అంటాం), ఎన్నాళ్ళకి తేడా కనిపిస్తాది?" నేను తిరిగి అడుగుతాను: "ఎవరికి కనిపించాలే? నీకా, మీ అమ్మకా?"

ఎందుకంటే అద్దంలో మీకు కనిపించేసరికి అమ్మకి ఎప్పుడో కనిపించేసి ఉంటుంది. మందు మొదలెట్టిన మూడు నుంచి ఆరు నెలల మధ్య చర్మంలో జిడ్డు తగ్గి మెత్తబడుతుంది, చనుమొన కింద గడ్డ కడుతుంది, కండ తగ్గడం మొదలవుతుంది. అంటే ఇంట్లో మాట కదపడానికి మీకున్న గడువు అటూ ఇటూగా మూడు నెలలు. కింద రాసిందంతా ఆ గడువుని మనసులో పెట్టుకుని రాసిందే. నేనుండేది విజయనగరంలో, పుట్టింది చీపురుపల్లి వేపు పల్లెలో. ఇరవయ్యారేళ్ళు అబ్బాయిగా బతికి మందు మొదలెట్టాను. డాక్టర్ని కాను, అంచేత మోతాదులు ఇక్కడ ఉండవు.

మొదటి మాత్రకు ముందు

ఎండోక్రైనాలజిస్టుని, అంటే హార్మోన్ల డాక్టర్ని కలవండి. విజయనగరం, శ్రీకాకుళం, మన రెండు జిల్లాల నుంచీ ఎక్కువమందిమి విశాఖే వెళ్తాం. అక్కడి పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, ప్రైవేటులోనూ చూస్తారు. శ్రీకాకుళం వాళ్ళు ఆమదాలవలసలో రైలెక్కాలి కాబట్టి ఒక రోజంతా దీనికే పోతుందనుకోండి. ఆఫీసులో ముందే సెలవు చెప్పేయండి.

చాలామంది చేసేది, నేనూ చేద్దామనుకున్నది ఒకటుంది: మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకి రెండు మూడు మింగడం. అవీ ఆడవాళ్ళ హార్మోన్లే కదా అనిపిస్తుంది. మాలా-డి లాంటి వాటిలో ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయాల్. దానివల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, మాత్రలు పెంచేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. డాక్టర్లు మనకి రాసేది ఈస్ట్రడయాల్, దాని దారి వేరు. దానికి తోడు మగ హార్మోను (టెస్టోస్టెరోన్) తగ్గించడానికి మన దేశంలో సాధారణంగా స్పైరనోలాక్టోనో, సైప్రొటెరోనో రాస్తారు.

పొగ కూడా ఇప్పుడే మానండి. మా అమ్మమ్మ ఎనభై ఏళ్ళు అడ్డపొగ చుట్ట కాల్చింది, ఏమీ కాలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్తారు. ఆవిడ హార్మోను మాత్రలు మింగలేదు. పొగా ఈస్ట్రోజనూ (ఆడ హార్మోను) కలిస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఇంకా పెరుగుతుంది.

తర్వాత రక్త పరీక్షలు. టెస్టోస్టెరోన్, ఈస్ట్రడయాల్, ప్రొలాక్టిన్, లివర్, షుగర్, కొవ్వులు, హిమోగ్లోబిన్, వీటన్నిటికన్నా ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపించేది), పొటాషియం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్ళకి ఇది మరీ మరీ చెప్తున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, ఏ ఊరివాళ్ళైనా సరే. కిడ్నీ జబ్బు ముదిరేదాకా నొప్పి ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు, ప్రతి వీధిలో ఒక ఇల్లు చూసే ఉంటారు. స్పైరనోలాక్టోన్ ఒంట్లో పొటాషియాన్ని నిలవ చేస్తుంది. కిడ్నీ సరిగ్గా లేకపోతే అది బయటికి పోక గుండె లయ తప్పుతుంది. ఆ రెండు పరీక్షలూ చూడకుండా ఆ మాత్ర ముట్టుకోవద్దు.

పిల్లలు కావాలనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే వీర్యం దాచుకునే సంగతి మాత్రకు ముందే అడగండి. తర్వాత మందు మానినా తిరిగి వస్తుందన్న పూచీ లేదు. అలాగని ఈ మందే మీ జోడీకి గర్భం రాకుండా ఆపేస్తుందనీ అనుకోవద్దు, రెండూ పొరపాటే.

పెళ్ళైనవాళ్ళకి మూడు నెలల గడువు వర్తించదు. భార్యకి మొదటి మాత్రకు ముందే తెలియాలి. మొదటి నెల నుంచే పడకలో తేడా వస్తుంది, పిల్లల సంగతి ఆవిడదీ. ఈ విషయంలో నేను ఎవరి సాకూ వినను.

మొదటి మూడు నెలలు

ఒకటి నుంచి మూడు నెలల్లో కోరిక తగ్గుతుంది, తెల్లవారుజామున అంగం గట్టిపడడం తగ్గుతుంది. బయటికి కనపడేది దాదాపు ఏమీ ఉండదు. కొందరికి చిన్న చిన్న వాటికే ఏడుపొస్తుంది. నాకు ఒకరోజు ఆర్టీసీ బస్సులో కండక్టరు చిల్లర లేదన్నందుకు వచ్చింది. నవ్వుకుని వదిలేశాను. వారాల తరబడి నిద్రపట్టక, బతకాలని లేకపోతే మాత్రం వదిలేయొద్దు. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం పడవు.

స్పైరనోలాక్టోన్ వేసుకునేవాళ్ళకి ఒంటేలు మాటిమాటికీ వస్తుంది, దాహం వేస్తుంది, కూర్చుని లేస్తే కళ్ళు తిరుగుతాయి. నేను మొదలెట్టింది ఎండాకాలంలో. మా మేనత్తది సోంపేట, పెరటి నిండా కొబ్బరి చెట్లు. దాహమేసినప్పుడల్లా బొండం కొట్టించుకున్నాను, రోజుకి రెండు, ఒక్కోరోజు మూడు. మధ్యలో అరటిపళ్ళు. ఆరోగ్యంగా బతుకుతున్నాననే అనుకున్నాను. మూడో నెల పరీక్షలో పొటాషియం 5.6 వచ్చింది, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. బొండాల్లోనూ అరటిపళ్ళలోనూ ఉండేది అదే. డాక్టరుగారు ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంటున్నారు, బొండాల దగ్గరికొచ్చేసరికి పెన్ను కింద పెట్టేశారు. మాత్ర తగ్గించి, బొండాలు మానిపించి, వారం తిరక్కుండా మళ్ళీ రక్తం తీయించారు. తగ్గింది. అప్పట్నుంచీ నా గ్లాసులో ఉప్పేసిన చోడంబలి (రాగి అంబలి), కాకపోతే పల్చటి మజ్జిగ. ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళ కోసం తక్కువ సోడియం ఉప్పు కొంటుంటే దాని ప్యాకెట్టు వెనక చదవండి. సోడియం తీసేసి అందులో కలిపేది పొటాషియమే.

పరీక్షలు మొదటి ఏడాది మూడేసి నెలలకోసారి. టెస్టోస్టెరోన్ డెసిలీటరుకి 50 నానోగ్రాముల లోపు, ఈస్ట్రడయాల్ మిల్లీలీటరుకి 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉండాలని డాక్టర్లు చూస్తారు. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపండి, హార్మోను అంకెల్ని తికమక చేస్తుంది. రిపోర్టు చేతికొచ్చాక ఇంకో తలనొప్పి ఉంది. పేరు మగపేరు కాబట్టి ల్యాబ్ వాళ్ళు మగవాళ్ళ కొలతే అచ్చేస్తారు. నాకు హిమోగ్లోబిన్ 12.7 వచ్చింది, పక్కన 'తక్కువ' అని గుర్తు. వీధిచివర కాంపౌండరు అది చూసి ఐరన్ టానిక్కు అంటగట్టాడు. ఆడవాళ్ళ లెక్కలో 12 దాటితే మామూలే. మీ డాక్టరు చెప్పకుండా ఆ గుర్తుల్ని పట్టించుకోకండి.

ఇంట్లో చెప్పడం

ముందు ఒక్కరికే చెప్పండి. అది అమ్మే కానక్కర్లేదు. ఎవరి మాటకి మీ నాన్న ఎదురు చెప్పరో మీకు తెలుసు. పెళ్ళైపోయిన అప్ప, పిన్ని, మేనమామ, కొన్ని ఇళ్ళలో నాన్నమ్మ. మా ఇంట్లో అప్ప. రాజాంలో వాళ్ళింటికెళ్ళి, బావ డ్యూటీకి పోయాక వంటింట్లో చెప్పాను. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. తరగడం ఆపలేదు. అన్నీ తరిగి ఉప్పునీళ్ళల్లో వేసి, "నా పట్టులంగా చిరిగినప్పుడే ఒప్పుకుని ఉంటే బాగుణ్ణు, ఆ దెబ్బలు నాకు తప్పేవి" అంది.

పండగరోజు చెప్పొద్దు. పెళ్ళింట్లో, నాన్న తాగి ఉన్నప్పుడు, ఇంట్లో ఎవరైనా మంచాన పడ్డప్పుడు చెప్పొద్దు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలంతా దిగుతారు, ఒకేసారి అందరికీ చెప్పేస్తే పనైపోతుందని లెక్కేసినవాళ్ళు నాకు తెలుసు. ఒకరి ముందు ఒకరు పరువు నిలబెట్టుకోవలసి వస్తే మంచివాళ్ళు కూడా గట్టిగా అరుస్తారు. మామూలు మంగళవారం సాయంత్రం చాలు.

మాట చిన్నదిగా ఉండాలి. నేను అమ్మతో అన్నది ఇంతే: "అమ్మా, నేను చిన్నప్పట్నుంచీ లోపల ఆడపిల్లనే. డాక్టరు దగ్గర మందు వాడుతున్నాను. ఒళ్ళు మారుతుంది. నేను ఎక్కడికీ వెళ్ళిపోవట్లేదు." ఆ చివరి మాట మరిచిపోవద్దు. ఈ సంగతి వినగానే మన తల్లుల కళ్ళముందు మెదిలేది రైల్లో చప్పట్లు, ఇల్లొదిలి ఎటో పోయిన కొడుకు. ఆ భయం తీర్చాలి. తీర్చడం కోసం "నేను వాళ్ళలాంటిదాన్ని కాదు" అని మాత్రం అనకండి. నాకు మొదటిసారి డాక్టరు దగ్గరికెళ్ళమని చెప్పింది అలా రైల్లో అడుక్కునే ఆమే.

అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తాయెత్తు తెచ్చింది. కట్టించుకున్నాను. ఇందులో నా సలహా ఏమిటంటే తాయెత్తు కట్టించుకోండి, మాత్ర మానకండి. ఆవిడ చేయగలిగింది ఆవిడ చేసుకోవాలి కదా. అయితే రెండిటికి ఒప్పుకోవద్దు. ఒకటి, దెయ్యం పట్టిందని కొట్టే భూతవైద్యం. రెండు, "పెళ్ళి చేసేస్తే అదే కుదురుతాది" అని సంబంధాలు చూడడం. రెండోదానిలో మీతోపాటు ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకూ పోతుంది.

ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే ఈ వరస అంతా మార్చండి. పదో తరగతి మార్కుల లిస్టు, ఆధార్, బ్యాంకు పుస్తకం, నెలరోజుల మందు, రెండు వేల రూపాయలు, ఇవి స్నేహితుల ఇంట్లో పెట్టాకే నోరు విప్పండి. ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారో ముందే తేల్చుకోండి. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కుటుంబం ఉండే ఇంట్లో ఉండే హక్కు మీకుంది. గడప బయట నిలబడ్డ రాత్రి ఆ కాగితం ఒక్కటే చాలదు, పడుకోవడానికి చోటు కావాలి.

ఇక వీధి. మా వీధిలో ఒకావిడ అమ్మని పట్టుకుని, "ఏటమ్మా, మీ వోడి మొకం అలగ నున్నగైపోనాది?" అంది. అమ్మ తడుముకోకుండా "థైరాయిడమ్మా, మందు వాడతన్నాడు" అంది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే, కుళాయి దగ్గర నిలబడి జవాబు చెప్పుకోవలసింది ఆవిడ, నేను కాదు. ఆ అబద్ధం ఎనిమిది నెలలు నడిచింది. తర్వాత ఆవిడే మానేసింది.

దండీలు, బస్కీలు

ఇక్కడ రెండు తప్పులు అందరూ చేస్తారు. కండ పెరుగుతుందని భయపడి వ్యాయామం పూర్తిగా మానేయడం, నాజూగ్గా అవ్వాలని అన్నం మానేయడం.

మూడు నాలుగు నెలలకల్లా హిమోగ్లోబిన్ ఆడవాళ్ళ స్థాయికి దిగుతుంది. నేను మా ఊళ్ళో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల జంక్షన్ దాకా గబగబా నడిచేదాన్ని, నాలుగో నెలలో అదే దూరానికి ఆయాసం వచ్చి ఒక షాపు గట్టు మీద కూర్చున్నాను. కండ అంత తొందరగా పోదు, ఏడాది రెండేళ్ళ పాటు నెమ్మదిగా తగ్గుతుంది. టెస్టోస్టెరోన్ దిగిపోయాక బరువులెత్తినా మగవాళ్ళలా కండలు తిరగవు. ఎముక గట్టిగా ఉంటుంది, నడుంనొప్పి రాదు, తొడలూ పిరుదులూ కుదురుగా నిలబడతాయి. అయినా ఈ మాట మన జిల్లాల్లో చెప్పవలసి రావడం విడ్డూరం. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఆడపిల్లలు ఊరి పేరే బరువులెత్తి తెచ్చారు. వాళ్ళని ఎవరైనా మగాళ్ళన్నారా?

జిమ్ముకి వెళ్ళనక్కర్లేదు. వారానికి మూడు రోజులు, రోజుకి అరగంట. ముందు బస్కీలు, పన్నెండేసి మూడు దఫాలు, మధ్యలో ఒక్కో నిమిషం ఆగండి. మొదట్లో మంచం అంచు మీద కూర్చుని లేవడంతో మొదలెట్టొచ్చు. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకి అదిమి నడుం పైకెత్తి మూడు అంకెలు లెక్కపెట్టి దించడం, పదిహేనేసి. పిరుదులకి దీన్ని మించింది లేదు. దండీలు గోడకి చేతులానించి చేయండి. రొమ్ము నొప్పి ఉన్న నెలల్లో నేల మీద బోర్లా పడితే నక్షత్రాలు కనపడతాయి. చివర్లో అయిదు లీటర్ల నూనె డబ్బాలు రెండు నీళ్ళతో నింపి, చేతికొకటి పట్టుకుని డాబా మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడవండి. మిగతా రోజుల్లో నడక, వారం మొత్తానికి 150 నిమిషాలు అయితే చాలు. ఎండాకాలం పొద్దున్న ఆరున్నరకల్లా ముగించండి. కూర్చున్నచోటునుంచి విసురుగా లేవొద్దు, బీపీ పడి కింద పడతారు.

జిమ్ముకే వెళ్తే వదులు టీషర్టు కింద గట్టి స్పోర్ట్స్ బ్రా వేసుకోండి. ట్రైనర్లు అమ్మే క్రియాటిన్ డబ్బా కొనొద్దు. రక్తంలో క్రియాటినిన్ అంకె పెరిగినట్టు చూపించి, కిడ్నీ పాడైందేమోనని అందరినీ కంగారు పెడుతుంది.

తిండి సంగతి. కొవ్వు తుంటికీ తొడలకీ చేరాలంటే ఒంట్లో కొత్తగా కొంత కొవ్వు పట్టాలి. పస్తులుంటే చేరడానికి ఏముంటుంది? పూటకో గుడ్డు, కందిపప్పు, ఉలవచారు, ఎండు చేపలు, కడుపునిండా అన్నం. నెలకోసారి దర్జీ టేపుతో చాతీ, నడుము, పిరుదులు కొలిచి రాసుకోండి. రోజూ అద్దం ముందు నిలబడితే పిచ్చెక్కుతుంది. కొవ్వు సర్దుకోవడం రెండు మూడేళ్ళ పని.

రొమ్ము, గడ్డం, గొంతు

మొదట చనుమొన కింద రూపాయి బిళ్ళంత గట్టిగా తగులుతుంది, తరచూ ఒకవైపు ముందు. కేన్సరేమో అని భయపడకండి, పదమూడేళ్ళ ఆడపిల్లకి వచ్చేదీ ఇదే. బస్సులో ఎవరి మోచేయి తగిలినా, స్కూటీ గతుకులో పడినా ప్రాణం పోతుంది. బ్యాగు వెనక కాకుండా ముందు తగిలించుకోండి. గుడ్డ బిగించి కట్టొద్దు, మెత్తని కాటన్ బనీను వేసి పైన గళ్ళ చొక్కా వేస్తే ఆరేడు నెలల దాకా ఎవరికీ తెలీదు. గళ్ళు వంపుని దాచేస్తాయి, ఇది మా అప్ప కనిపెట్టింది. మొన నుంచి పాలలాంటిది వస్తే డాక్టరుకి చెప్పండి.

ఒంటి మీద వెంట్రుక పల్చబడుతుంది, గడ్డం పోదు. లేజర్ చాలా విడతలు పడుతుంది, ఎండాకాలం మొదలెడితే మొహం మాడుతుంది, వానలు పడ్డాక వెళ్ళండి. గొంతు మందుతో మారదు, సాధనే.

వెంటనే 108కి ఫోన్ చేయవలసినవి: ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, ఎప్పుడూ లేనంత తలనొప్పితో చూపు మసకబారడం. గుండె దడా కాళ్ళలో సత్తువ పోవడం కలిసొస్తే పొటాషియం అని అనుమానించండి. ఏ ఆసుపత్రికెళ్ళినా, పన్ను పీకించుకోవడానికైనా సరే, ఈస్ట్రోజన్ వాడుతున్నానని చెప్పండి. సిగ్గుపడి దాచొద్దు.

గుర్తింపు కాగితం కలెక్టరు ఇస్తారు, దరఖాస్తు కేంద్రం పోర్టల్లో. అడిగే పత్రాలు మారుతుంటాయి కాబట్టి పెట్టేరోజు చూసుకునే పెట్టండి. రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకి ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకి 4000 ఉంది, సచివాలయంలో అడగండి. ఇంట్లో మాటలు అయ్యాకే వీటికి దిగండి. సచివాలయంలో మీ పేరు రాసేది మీ వీధి పిల్లే అయ్యుంటుంది.

బరువులెత్తడం గురించి ఇంకొకటి. నాన్న నాతో ఏడాదిపాటు ముభావంగానే ఉన్నారు. మొన్న సంక్రాంతికి పాతిక కిలోల బియ్యం బస్తా ఆటోలోంచి దింపుతుంటే నేను చెయ్యేశాను. "నువ్వుండు, ఆడకూతురివి, నడుం పట్టేస్తాది" అన్నారు, నా మొహం చూడకుండా. కాసేపు ఆటోవాడూ నేనూ అలాగే నిలబడ్డాం. తర్వాత నేనే ఎత్తాను. ఎలాగంటే, బస్తాకి దగ్గరగా నిలబడి, కాళ్ళు భుజాలంత ఎడం పెట్టి, నడుం వంచకుండా మోకాళ్ళు మడిచి, బస్తా పొట్టకి ఆనించుకుని, ఊపిరి వదులుతూ లేవాలి. రొమ్ముకి ఆనించుకోవద్దు.